ఎనిమిది అయిపోయింది, తమిళం చదవడం రాదు: పెరుంబాక్కంలో మన తెలుగు అమ్మాయిని బడి మార్చాలా, ఉంచాలా?

సాయంత్రం బడి

అందరికీ నమస్కారం. చెన్నై శివారు పెరుంబాక్కంలో ప్రభుత్వ గృహ బోర్డు కట్టించిన ఇళ్లలో ఉంటాను. 2021లో తమిళనాడు ప్రభుత్వ ‘ఇల్లం తేడి కల్వి’ (ఇంటి వద్దకే చదువు) పథకంలో స్వచ్ఛందంగా చేరి పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టాను. ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ సాయంత్రాలు మా వరండాలో చాప పరుస్తాను. వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది పులియాంతోపు, కొరుక్కుపేట, కూవం నది గట్టు నుంచి ఇక్కడికి తరలించిన కుటుంబాల వాళ్లు. ఇళ్లలో తెలుగు, మెట్ల మీద తమిళం. తల్లిదండ్రుల్లో చాలామందిది పారిశుద్ధ్య పని. ఇల్లు ఇక్కడికి వచ్చింది గాని, పని నగరం నడుమనే ఉండిపోయింది.

ఒక అమ్మాయి విషయంలో సలహా కావాలి. ఐదు దాకా పాత పేటలో కార్పొరేషన్ బడి, తెలుగు మాధ్యమం. ఇక్కడికి వచ్చాక దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరులో వేశారు. అక్కడ తెలుగు లేదు, తమిళ మాధ్యమం. ఇప్పుడు ఎనిమిది పూర్తయింది.

మొన్న ఒక లెక్క ఇచ్చాను. ఒక తొట్టి, రెండు కొళాయిలు, ఏది ఎంతసేపట్లో నింపుతుంది అన్న పాత లెక్కే. తమిళంలో నాలుగు వాక్యాలు. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మూడో వాక్యానికి వచ్చేసరికి మొదటి కొళాయి సంగతి మరిచిపోయింది. మళ్లీ మొదటికి వెళ్లింది. చివరికి పెన్సిలు కింద పెట్టేసింది. అదే లెక్క నేను తెలుగులో చదివి వినిపించాను. కాగితం ముట్టుకోకుండానే జవాబు చెప్పింది.

తండ్రి అప్పు చేసి శోళింగనల్లూరు వైపు ఒక ప్రైవేటు ఇంగ్లీషు బడిలో వేస్తానంటున్నాడు. తల్లి మాత్రం ఒక ఏడాది ఇంట్లో ఉండి తమ్ముణ్ణి చూసుకోమంటోంది. ఆమె తెల్లవారకముందే బస్సెక్కాలి మరి. ఇద్దరి మాటా నాకు నచ్చడం లేదు. వాళ్లకు ఏమని చెప్పాలో మీరు చెప్పండి.

ఓఎంఆర్ ప్రయాణికుడు

తండ్రి మాటే సరి. ఎనిమిదేళ్లు చదివిన పిల్లకు చదవడమే రాకపోతే ఆ బడిలో ఇంకో రెండేళ్లు ఉంచి ఏమి లాభం? ఎనిమిది దాకా ఎవరినీ ఆపరు, అందరినీ పైకి తోసేస్తారు. పదిలో బోర్డు పరీక్ష వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. అప్పు భారమే, కాని చదువు మీద పెట్టిన అప్పు వృథా పోదు.

సుద్దముక్క

నేను కార్పొరేషన్ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ముందుగా ఒక్క విషయం. దయచేసి ఆ తండ్రిని ఒక వారం ఆగమనండి.

తమిళనాడులో ప్రభుత్వ బడి పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది, 2020లో చట్టం వచ్చింది. 2021లో ఇంజనీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, న్యాయం వంటి వృత్తి కోర్సులకూ విస్తరించారు. ఆ కోటాలో చేరినవాళ్ల ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ముఖ్యమైన షరతు: ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి ఉండాలి. మధ్యలో ప్రైవేటులో చేర్పిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మళ్లీ తెచ్చి మా దగ్గర వేసినా తెరుచుకోదు.

అమ్మాయి కాబట్టి పుదుమై పెణ్ పథకం కూడా ఉంది. 2022 సెప్టెంబరులో మొదలైంది. ప్రభుత్వ బడిలో చదివిన అమ్మాయి కాలేజీలో చేరితే చదువు పూర్తయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలోకే వస్తాయి. ప్రైవేటు బడి గేటు దగ్గర ఇవన్నీ ఎవరూ చెప్పరు.

ఓఎంఆర్ ప్రయాణికుడు

మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. తొట్టి లెక్క చదవలేని పిల్లకు వైద్య సీటు కోటా గురించి చెప్పడం ఆ తండ్రికి ఎలా వినిపిస్తుంది? ముందు పది గట్టెక్కాలి కదా.

సుద్దముక్క

నేను మాస్టారిని కాదు, టీచరమ్మను. మీరన్న మాటలో న్యాయం ఉంది. కాని ఆ పిల్ల లెక్క చేయలేకపోవడం లేదు, చదవలేకపోతోంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఆ పిల్లను ప్రైవేటులో వేసినా అంతే. అక్కడ అదే తొట్టి ఇంగ్లీషులో ఉంటుంది. ఇప్పుడు కనీసం తమిళం వింటే అర్థమవుతుంది, ఆటల్లో మాట్లాడుతుంది. ఇంగ్లీషులో వింటే కూడా అర్థం కాదు. చదవడం రాని భాషల జాబితాలో మరొకటి చేర్చడానికా అప్పు చేయడం?

కొరుక్కుపేట కాపురం

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు ఉచితం కదా? అప్పు ఎందుకు?

కాగితాల కట్ట

అది చేరిక మొదలయ్యే తరగతికే, అంటే ఎల్‌కేజీ లేదా ఒకటో తరగతికి. తొమ్మిదికి వర్తించదు. పైగా 2025లో కేంద్రం బడులకిచ్చే సమగ్ర శిక్ష నిధులు ఆపేసిందన్న గొడవలో ఆ ప్రవేశాలే నెలల తరబడి ఆగిపోయాయి. ఆగింది 2,152 కోట్లని రాష్ట్రం అప్పట్లో లెక్క చెప్పింది. జాతీయ విద్యా విధానం, మూడు భాషల మీద కేంద్రానికీ రాష్ట్రానికీ తగాదా. వాళ్ల వాదం వాళ్లది. మనవాళ్ల పిల్లలు మాత్రం జూన్‌లో ఇంట్లో కూర్చున్నారు.

చూళై తాతయ్య

పిల్లలూ, మద్రాసు కార్పొరేషన్ బడి అంటే ఇంత చులకనా? బడిలో పిల్లలకు తిండి పెట్టాలన్న ఆలోచన దేశంలో పుట్టినచోట్లలో ఇదొకటి. 1920లో కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టించారు. తలకు రోజుకు ఒక అణా మించకూడదని తీర్మానం. ఆయన తెలుగువాడు, దేవాంగుల బిడ్డ. టీ నగర్ ఆయన పేరే. నేను చదివింది కూడా కార్పొరేషన్ బడే, తెలుగు మాధ్యమమే. మా రోజుల్లో మా తెలుగు సెక్షన్లలో బెంచీలు చాలక కింద కూర్చునేవాళ్లం.

ఇద్దరమ్మాయిల అమ్మ

తాతయ్య గారూ, టిఫిన్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఇప్పుడు ముఖ్యమంత్రి అల్పాహార పథకం ఉంది. ఉప్మా, కిచిడీ, పొంగలి, వేడిగా పెడుతున్నారు, మెచ్చుకోవాల్సిందే. 2022 సెప్టెంబరులో 1,545 బడుల్లో మొదలై మరుసటి ఏడాదికి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. కాని ఒకటి నుంచి ఐదు వరకే! ఆరులోకి వచ్చిన పిల్లకు పొద్దున ఆకలి వేయదని ఎవరు చెప్పారు?

నేను ఇళ్లలో పనికి వెళ్తాను. ఐదింటికి బయలుదేరాలి. చిన్నదాని గురించి బెంగ లేదు, బడిలో తింటుంది. పెద్దది రాత్రి మిగిలిన అన్నం తింటే తిన్నట్టు, లేకపోతే మధ్యాహ్నం గుడ్డు, అన్నం దాకా ఏమీ లేదు. సాయంత్రం బడి గారూ, మీ అమ్మాయి పొద్దున ఏమి తింటుందో ఒకసారి అడగండి.

సాయంత్రం బడి

అక్కా, అడిగాను. తమ్ముడు మూడో తరగతి. వాణ్ణి లేపి, స్నానం చేయించి, బడికి తీసుకెళ్లి, వాడు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడేదాకా గోడ పక్కన ఉండి, తర్వాత తన బడికి వెళ్తుందట. ప్రార్థన అయిపోయాక చేరుతుంది. ఆలస్యంగా వచ్చినందుకు బయట నిలబెడతారు. మొదటి పీరియడ్ తమిళం.

ఇది నాకు ఇంతవరకు తెలియదు. ‘తమిళం రాదు’ అని అందరం అంటున్నాం గాని, మూడేళ్లుగా తమిళం క్లాసులో ఆ పిల్ల సగం రోజులు గుమ్మం అవతలే ఉంది.

చూళై తాతయ్య

అయ్యో తల్లీ.

పలక బలపం

అసలు మూలం వదిలేసి అందరూ కొమ్మలు పట్టుకుంటున్నారు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం చేశారు. ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పెంచుకుంటూ వచ్చి 2016 నాటికి పదికి తెచ్చారు. తెలుగు పిల్లలు మాతృభాషను ఐచ్ఛికంగా రాసుకోవచ్చు, కాని పాసవ్వాలంటే తమిళం తప్పదు. అప్పటినుంచి భాషా మైనారిటీల వాళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు కూడా ఆ ఒక్క ఏడాదికే. తెలుగు మాధ్యమంలో టీచరు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ నింపరు. టీచరు లేరని పిల్లలు వెళ్లిపోతారు, పిల్లలు లేరని సెక్షన్ ఎత్తేస్తారు. ఈ అమ్మాయిని తెలుగులోనే చదవనిచ్చి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

ఓఎంఆర్ ప్రయాణికుడు

తమిళనాట పుట్టి తమిళం చదవడం రాకపోతే రేపు పని ఎవరిస్తారు బాబూ? మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి ఆరు నెలల్లో బస్సు బోర్డులు చదివేశారు.

పలక బలపం

మీ నాన్నగారు బస్సు బోర్డులు చదివారు. భౌతికశాస్త్రం చదవలేదు.

సుద్దముక్క

ఇద్దరూ శాంతించండి. పలక బలపం గారు చెప్పిన ఖాళీల సంగతి నిజమే, నేను కళ్లారా చూశాను. ఒకే టీచరు రెండు తరగతుల తెలుగు పిల్లల్ని ఒకే గదిలో పెట్టుకుని సగం బోర్డు వాళ్లకు, సగం బోర్డు వీళ్లకు రాస్తారు. అక్కడ జరిగిన అన్యాయం అన్యాయమే.

కాని తెలుగు మాధ్యమంలో చదివినా ఒకటో తరగతి నుంచి తమిళం ఒక సబ్జెక్టుగా ఉండాలి కదా. ఈ పిల్లకు ఐదు దాకా తమిళం ఎవరు చెప్పారు? నాకు తెలిసి చాలా చోట్ల ఆ పీరియడ్ కాగితం మీదే ఉంటుంది. అంటే తెలుగు బడి తమిళం చెప్పలేదు, తమిళ బడి తెలుగు పిల్ల వచ్చిందని గమనించలేదు. మినహాయింపు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే మాత్రం పదో తరగతి మార్చి నెల ఆగదు.

వేదిక నిర్వాహకులు

పారిశుద్ధ్య పనివాళ్ల పిల్లలకు చదువు అబ్బదన్న అర్థం వచ్చేలా పెట్టిన ఒక వ్యాఖ్యను తీసేశాం. పెట్టినవారికి విడిగా తెలిపాం. చర్చ కొనసాగించండి.

కూవం గట్టు

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఆ తీసేసిన వ్యాఖ్య చూశాక రాయాలనిపించింది.

మమ్మల్ని తరలించినప్పుడు నేను తొమ్మిది చదువుతున్నాను. డిసెంబరు నెల. అర్ధసంవత్సర పరీక్షలు జరుగుతున్నాయి. లారీలో మంచం, బీరువా, టీవీ పక్కన నేను, నా సంచి. కొత్త ఇంటి దగ్గర బడిలో ‘మధ్యలో చేర్చుకోం, పాత బడికే వెళ్లు’ అన్నారు. పాతిక కిలోమీటర్ల పైమాటే. ఉచిత పాసు ఉంది, బస్సులో చోటు లేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్లేవాళ్లం. పోలీసులు మమ్మల్ని పట్టుకుని బుద్ధి చెప్పేవాళ్లు, పేపర్లలో ఫొటోలు వేసేవాళ్లు. ‘విద్యార్థుల ప్రమాదకర విన్యాసాలు’ అని. విన్యాసం కాదండీ, రెండో పీరియడ్‌కైనా అందుకోవాలని.

మా ఒక్కరి కథ కాదు ఇది. చెన్నై సెంట్రల్ స్టేషన్ దగ్గర సత్యవాణి ముత్తు నగర్ వాళ్లను 2019 డిసెంబరులో ఖాళీ చేయించడం మొదలుపెట్టారు, అదీ విద్యా సంవత్సరం నడుమనే. 2022 మేలో గోవిందస్వామి నగర్‌లో ఇళ్లు కూలుస్తుంటే పది, పన్నెండు పిల్లలకు బోర్డు పరీక్షలు నడుస్తున్నాయి. వేసవి సెలవుల దాకా ఆగితే కూవంలో నీళ్లు ఎండిపోతాయా?

నేను తొమ్మిదిలో మానేశాను. తర్వాత పది ప్రైవేటుగా కట్టి రాశాను, ఇప్పుడు ఎలక్ట్రీషియన్ని. ఒకటే చెబుతాను. ఆ అమ్మాయిని ‘ఒక్క ఏడాది’ ఇంట్లో ఉంచనివ్వకండి. నాకూ ఒక్క ఏడాదే అన్నారు. ఏడాది తర్వాత మన జతవాళ్లు పై తరగతిలో ఉంటారు, మనం తమ్ముళ్ల ఈడువాళ్లతో కూర్చోవాలి. ఎవరూ వెళ్లరు. అమ్మాయి అయితే ఆలోపు పెళ్లి సంబంధం కూడా వస్తుంది.

ఇద్దరమ్మాయిల అమ్మ

తమ్ముడూ, నువ్వు చెప్పిన చివరి మాట ఆ తల్లికి ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోనులో కాదు.

కాగితాల కట్ట

నాది కాగితాల బుర్ర, అదే చెబుతాను.

ఆమె ఉన్నది ఉన్నత పాఠశాల కాబట్టి తొమ్మిదికి టి.సి. అక్కర్లేదు. అదే పెద్ద లాభం. ఎనిమిది దాకా, పద్నాలుగేళ్ల దాకా విద్యాహక్కు చట్టం అండ ఉంటుంది. టి.సి. ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. తొమ్మిదికి ఆ అండ లేదు. ఇంట్లో ఉంచి వచ్చే ఏడాది తీసుకెళ్తే చేర్చుకోవాలని గట్టిగా అడిగే హక్కు చేజారుతుంది. ‘చదవడం రాదు, మా పది ఫలితాల శాతం పడిపోతుంది’ అని నెమ్మదిగా తప్పిస్తారు. టీచరమ్మ గారికి ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు.

రెండోది కుల ధ్రువపత్రం. వాళ్లది ఆది ఆంధ్ర అయినా, మాదిగ అయినా, రెండూ తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నాయి. 2009 నుంచి షెడ్యూల్డు కులాల 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతం అరుంధతియర్ల కింద ఉన్న ఏడు కులాలకు విడిగా ఉంది, ఈ రెండూ అందులోవే. కాని పత్రం తమిళనాడుది ఉండాలి. తాతలు ఎప్పుడో నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చారు, ఆంధ్రా పత్రం ఉంది అంటే ఇక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు. కుటుంబం తరాలుగా ఇక్కడే ఉందని చూపించాలి. పులియాంతోపు చెన్నై జిల్లా, పెరుంబాక్కం చెంగల్పట్టు జిల్లా. చిరునామా మారితే తాలూకా ఆఫీసు కూడా మారింది. పాత రేషను కార్డు, తండ్రి బడి రికార్డు, బోర్డు ఇచ్చిన కేటాయింపు పత్రం, మూడూ పట్టుకుని ప్రభుత్వ ఇ-సేవై కేంద్రంలో దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి. పన్నెండు అయ్యాక పరుగులు పెడితే కౌన్సెలింగ్ అయిపోతుంది.

సుద్దముక్క

కాగితాల కట్ట గారు శాతం గురించి అన్నది కాదనను. పై నుంచి ఎప్పుడూ అడిగేది ఎంత శాతం పాసయ్యారనే. ఎంతమంది చేరితే ఎంతమంది పది దాకా మిగిలారన్నది ఎవరూ అడగరు. అడిగిన రోజున మా ప్రవర్తన కూడా మారుతుంది.

ఇక తమిళం సంగతి. తెలుగులో క, ఖ, గ, ఘ అలవాటైన పిల్లకు తమిళంలో వాటన్నిటికీ ఒకే అక్షరం. మాట ముందే తెలిసి ఉంటేనే పలకడం వస్తుంది. మాట్లాడే తమిళం వేరు, పుస్తకంలో తమిళం వేరు, అందుకే అక్షరాలు వచ్చినా ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి పుస్తకంతో కుస్తీ వద్దు. చిన్న తరగతులకు అక్షరాలు, లెక్కలు నేర్పే ప్రభుత్వ పథకం ‘ఎన్నుమ్ ఎళుత్తుమ్’ కోసం ఇచ్చిన పుస్తకాలు బాగుంటాయి. కాని పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో మూడో తరగతి పుస్తకం పెడితే పక్క పిల్లలు నవ్వుతారు, మళ్లీ రాదు.

తమ్ముడు మూడో తరగతే కదా? రోజూ వాడికి తమిళ పాఠం ఈమె చదివి వినిపించాలని పని అప్పగించండి. వాడి కోసం చదువుతోంది, తన కోసం కాదు. వాడు తప్పులు దిద్దుతాడు, అది ఇంటి గొడవ, ఎవరూ నవ్వరు. పాస్ మార్కు 35. ఇదివరకు తమిళానికి రెండు పేపర్లు ఉండేవి, ఇప్పుడు ఒక్కటే. రెండేళ్లు చేతిలో ఉన్నాయి. ముందు 35 వస్తే చాలు, కంబ రామాయణం తర్వాత చూసుకోవచ్చు.

పలక బలపం

టీచరమ్మ గారూ, ఇది బాగుంది. నాకు ఒక్కటే బాధ. ఇందులో తెలుగు ఎక్కడ ఉంది? ఐదేళ్లు చదివిన అక్షరాలు రెండేళ్లలో మరిచిపోతుంది.

సాయంత్రం బడి

తెలుగు నా వరండాలో ఉంటుంది. లెక్కలూ విజ్ఞానశాస్త్రమూ ముందు తెలుగులో చెప్పి తర్వాత తమిళ పుస్తకం తెరిపిస్తున్నాను. తెలుగు వార్తాపత్రిక ఎవరైనా పాతవి ఇస్తే తీసుకుంటాను.

సాయంత్రం బడి

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. కూవం గట్టు తమ్ముడు స్వయంగా వచ్చి ఆ తల్లిదండ్రులతో మాట్లాడాడు. తండ్రి కోటా గురించి విన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ‘అప్పు కట్టలేక మధ్యలో ఆపేస్తే ఆ ప్రైవేటు బడి బాకీ తీర్చేదాకా టి.సి. ఇవ్వకపోతే ఏమి చేస్తావన్నా’ అని తమ్ముడు అడిగాడు. దానికి మెత్తబడ్డాడు. అదే బడిలో తొమ్మిదికి వెళ్తోంది.

తల్లి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆమె అన్నది కూడా రాయాలి: ‘మీరందరూ చదువు గురించి చెబుతున్నారు, పొద్దున ఆరింటికి నా కొడుకు చేయి ఎవరు పట్టుకుంటారో చెప్పండి’ అంది. పై అంతస్తులో ఒక పెద్దావిడ తన మనవణ్ణి అదే ప్రాథమిక బడికి తీసుకెళ్తోంది. వీణ్ణీ తీసుకెళ్తానంది. ప్రస్తుతానికి నడుస్తోంది. ఆవిడ ఊరెళితే మళ్లీ మొదటికే.

ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి ఆలస్యం ఎందుకు అవుతోందో చెప్పాను. ఆయనకు తెలియదట. ఇక గుమ్మం బయట నిలబెట్టబోమన్నారు. ఉదయం తిండికి మాత్రం తన చేతుల్లో ఏమీ లేదన్నారు. కుల ధ్రువపత్రం దరఖాస్తు వెనక్కి వచ్చింది. తండ్రి బడి రికార్డు లేదు, ఆయన బడికే వెళ్లలేదు.

కాగితాల కట్ట

తండ్రిది లేకపోతే తండ్రి అన్నదమ్ములది గాని, మేనత్తది గాని ధ్రువపత్రం ఉందేమో చూడండి, రక్త సంబంధీకులది జత చేయవచ్చు. తాతగారు కార్పొరేషన్‌లో పర్మనెంటు ఉద్యోగి అయితే సర్వీసు రిజిస్టరులో కులం నమోదై ఉంటుంది. మళ్లీ పెట్టించండి. ఈసారి వెనక్కి వస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, మాటతో సరిపెట్టుకోవద్దు.

చూళై తాతయ్య

సాయంత్రం బడి అమ్మాయీ, పాత తెలుగు పత్రికలు నా దగ్గర అటక నిండా ఉన్నాయి. ఆదివారం మా మనవడు బండి మీద తెచ్చిస్తాడు. బ్లాకు నంబరు విడిగా సందేశం పెట్టు, ఇక్కడ రాయకు.

ఇద్దరమ్మాయిల అమ్మ

అల్పాహారం ఆరు, ఏడు, ఎనిమిదికి కూడా ఇవ్వాలని మా బడి నిర్వహణ కమిటీ సమావేశంలో అడగబోతున్నాను. సభ్యుల్లో ఎక్కువమంది తల్లిదండ్రులే కాబట్టి తీర్మానం రాయించవచ్చట. తమిళంలో అర్జీ ఎవరైనా రాసిపెడతారా? నాకు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

సుద్దముక్క

నేను రాస్తాను అక్కా. ఎనిమిదితో ఆపకుండా పది దాకా అడుగుదాం. ఎలాగూ తగ్గించే ఇస్తారు.